బైపాస్ వేస్తే బెంజ్ సర్కిల్ ఖాళీ అవుతుందా?

విజయవాడ బెంజ్ సర్కిల్ మీద రెండు ఫ్లైఓవర్లున్నాయి. ఒకటి 2020లో, రెండోది 2021లో వాడుకలోకి వచ్చాయి. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే లారీ ఇప్పుడు కింద సర్కిల్‌ని తాకకుండా పైనుంచే వెళ్ళిపోతోంది. అయినా సాయంత్రం ఆరున్నరకి ఆ ఫ్లైఓవర్ కిందికి వెళ్ళి చూడండి. బందరు రోడ్డు మీద నుంచి వచ్చే బస్సులు, ఆటోనగర్ వైపు సామాను వేసుకెళ్ళే చిన్న ట్రక్కులు, పటమట వైపు తిరిగే స్కూటర్లు, ఎటు తిరుగుతాయో ముందుగా చెప్పని ఆటోలు. ఇసుక వేస్తే రాలదు.

లారీలు పైకెక్కి పోయాక కూడా కింద ఇంత రద్దీ ఎందుకుంది? ఆ బళ్ళన్నీ విజయవాడవి, లేదా విజయవాడలో పని ఉండి వచ్చినవి. వాటిని ఏ ఫ్లైఓవరూ, ఏ బైపాసూ ఊరి బయటికి తీసుకెళ్ళలేదు. 'బైపాస్ వస్తే ట్రాఫిక్ కష్టాలు తీరతాయి' అని ప్రతి ఊళ్ళోనూ వినిపించే మాటని తూచాలంటే ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. బైపాస్ పట్టుకుపోయేది ఊరితో పనిలేని బండిని మాత్రమే.

మరి ఊరితో పనిలేని బళ్ళు ఎన్ని? ఇది ఊహించి చెప్పే సంగతి కాదు. రోడ్డు పక్కన వారం రోజులు రాత్రింబవళ్ళు వాహనాల లెక్క తీస్తారు. ఇప్పుడు దానికి కెమెరాలు కూడా వాడుతున్నారు. ఆ లెక్కతోపాటు పోలీసుల సాయంతో కొన్ని బళ్ళని ఆపి డ్రైవర్లను మూడు ప్రశ్నలు అడుగుతారు: ఎక్కడి నుంచి వస్తున్నావు, ఎక్కడికి వెళ్తున్నావు, బండిలో ఏముంది. ఇంజినీర్లు దీన్ని ఓడీ సర్వే అంటారు. బైపాస్ బతుకంతా ఈ మూడు జవాబుల్లోనే ఉంది. ఊరు ఎంత పెద్దదైతే ఊరితో పనిలేని బళ్ళ వాటా అంత తగ్గుతుంది. పది లక్షలు దాటిన విజయవాడకి వచ్చే బళ్ళలో ఎక్కువ భాగం విజయవాడకే వస్తాయి. పాతికవేల జనం ఉన్న ఊళ్ళో హైవే మీద పోయే బళ్ళలో చాలావాటికి ఆ ఊరి పేరు కూడా తెలియక్కర్లేదు. అందుకే బైపాస్ వల్ల ఎక్కువ మేలు పొందేది చిన్న ఊరు. కానీ చర్చ ముందు పెద్ద ఊళ్ళ గురించే నడుస్తుంది. అక్కడ గొంతు పెద్దది మరి.

బళ్ళ లెక్కలో ఇంకో కిటుకు ఉంది. అన్ని బళ్ళూ రోడ్డు మీద ఒకే చోటు తినవు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కారుని ఒకటిగా పెట్టుకుని మిగతావాటిని దానితో కొలుస్తుంది. గ్రామీణ రహదారుల లెక్కలో మోటారు సైకిల్ అర, లారీ లేదా బస్సు మూడు, ట్రక్కు తగిలించిన ట్రాక్టరు నాలుగున్నర, ఎడ్లబండి ఎనిమిది. అంటే రెండు లారీలు కలిసినా ఒక ఎడ్లబండికి సరిరావు. వేగం ఎంత తక్కువైతే వెనకాల అంత తోక పెరుగుతుందన్నది ఇందులో సూత్రం. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి చెరకు తోలే సీజన్‌లో బందరు రోడ్డు మీద ప్రయాణించినవాళ్ళకి ఈ అంకెలు ఎవరూ వివరించక్కర్లేదు. రెండు పక్కలా చెరకు గడలు బయటికి పొడుచుకొచ్చిన ట్రాక్టరు వెనక ఇరవై కార్లు పాకుతుంటాయి. ఇంజినీరు లెక్కలో ఆ ఒక్క ట్రాక్టరు తొమ్మిది మోటారు సైకిళ్ళ పెట్టు. అయితే ఆ ట్రాక్టరు ఊరి బండి, దాని పని ఊళ్ళోనే. ఫ్యాక్టరీ గేటు ఎక్కడుందో చూడకుండా బైపాస్ గీస్తే కార్లు బయటికి పోతాయి, ట్రాక్టరు పాత రోడ్డు మీదే మిగులుతుంది. గేటు బైపాస్ వైపుంటే ఇంకా తమాషా: వంద కిలోమీటర్ల వేగానికి వేసిన రోడ్డెక్కి ట్రాక్టరు పాతిక కిలోమీటర్ల వేగంతో వెళ్తుంది. చీకటి పడ్డాక వెనక ఎర్రలైటు లేని ట్రక్కు అలాంటి రోడ్డు మీద ఏం చేస్తుందో పేపరు చదివేవాళ్ళకి తెలుసు.

విజయవాడ కథ కాస్త వెనక్కి వెళ్ళి చూస్తే ఇంకో పాఠం దొరుకుతుంది. ఒకప్పుడు జాతీయ రహదారి బళ్ళు ఊళ్ళోంచే పోయేవి. 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీయే కృష్ణ దాటడానికి రోడ్డు వంతెన. బ్యారేజీ మీద బరువు తగ్గించడానికి దిగువన కనకదుర్గ వారధి కట్టారు. రామవరప్పాడు నుంచి బెంజ్ సర్కిల్ మీదుగా వారధికి పోయే దారి హైవే అయింది. అంటే ఇవాళ మనం తిట్టుకుంటున్న బెంజ్ సర్కిల్ రోడ్డే అప్పట్లో ఊరికి బయటి దారి. దాని పక్కన షోరూములు, ఆసుపత్రులు, కాలేజీలు, కల్యాణ మండపాలు, హోటళ్ళు ఒకదాని వెనక ఒకటి లేచాయి. హైదరాబాద్ వైపు బళ్ళకి రామవరప్పాడు నుంచి సింగ్‌నగర్ పక్కగా గొల్లపూడి వైపు పోయే ఇన్నర్ రింగ్ రోడ్డు చూపించారు. అదీ కాలనీలతో నిండింది. దుర్గగుడి కింద ఇరుకు దారికి 2015లో పని మొదలుపెట్టి, 2020 అక్టోబరులో ఆరు వరుసల కనకదుర్గ ఫ్లైఓవర్ తెరిచారు. దసరా రోజుల్లో అదొక పెద్ద ఊరట, కాదనను. కానీ వరస చూడండి: ప్రతి తరంలో ఊరికో బయటి రోడ్డు వేసుకున్నాం, తర్వాతి తరానికి దాన్ని ఊళ్ళోకి తెచ్చుకున్నాం.

ఇప్పుడు వంతు పడమటి బైపాస్‌ది. గన్నవరం దాటాక చిన్న అవుటపల్లి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి నుంచి విడిపోయి, నున్న వైపు నుంచి చుట్టి గొల్లపూడి చేరుతుంది. ఇది 30 కిలోమీటర్లు. గొల్లపూడి నుంచి సూరాయపాలెం దగ్గర కృష్ణ మీద కొత్త వంతెన ఎక్కి, వెంకటపాలెం వైపు దిగి, రాజధాని పల్లెల మీదుగా చినకాకాని దగ్గర మళ్ళీ హైవేలో కలుస్తుంది. ఇది మరో 18 కిలోమీటర్లు. మొత్తం ఆరు వరుసల రోడ్డు.

దీని జాతకం చూస్తే బైపాస్‌లు ఎందుకు ఆలస్యమవుతాయో తెలుస్తుంది. గుండుగొలను నుంచి విజయవాడ దాకా హైవే విస్తరణ, హనుమాన్ జంక్షన్ బైపాస్, విజయవాడ బైపాస్ అన్నీ కలిపి 103 కిలోమీటర్ల పైచిలుకు పనిని 2012లో ఒకే ప్రైవేటు కంపెనీకి, కట్టి టోలు వసూలు చేసుకునే పద్ధతిలో అప్పగించారు. అప్పట్లో విజయవాడ బైపాస్‌ని నాలుగు వరుసలే అనుకున్నారు. పని ముందుకు కదల్లేదు. 2016లో ఆ ఒప్పందం రద్దయింది. తర్వాత పనిని నాలుగు ముక్కలు చేసి, బైపాస్‌ని ఆరు వరుసలకి పెంచి, హైబ్రిడ్ యాన్యుటీ అనే పద్ధతికి మార్చారు. ఇందులో ఖర్చులో 40 శాతం కట్టేటప్పుడే ప్రభుత్వం ఇస్తుంది. మిగిలిన 60 శాతం కంట్రాక్టరు పెట్టుకుంటాడు, దాన్ని రోడ్డు పూర్తయ్యాక ఏళ్ళ తరబడి వాయిదాల్లో తీసుకుంటాడు. టోలు రాబడి తగ్గితే ఆ నష్టం అతనిది కాదు. బైపాస్ రెండు ముక్కల పనీ 2021లో మొదలైంది. ఆ తర్వాత రాజధాని వైపు పొలాల మీదుగా పోయే హైటెన్షన్ తీగలు అడ్డొచ్చాయి. తీగల్ని ఎత్తు పెంచాలంటే కొత్త టవర్లు కావాలి, టవర్లకి మళ్ళీ ఎవరిదో పొలం కావాలి. మట్టి పని అయిపోయిన రోడ్డు మీద నాలుగు తీగలు నెలల తరబడి కూర్చున్నాయి. సంక్రాంతి రద్దీకి తట్టుకోలేక పూర్తికాని బైపాస్‌లో ఒక పక్కన కార్లను వదిలిన సందర్భమూ ఉంది.

ఈ రోడ్డు ఎవరికి పనికొస్తుంది? హైదరాబాద్ నుంచి ఏలూరు, రాజమండ్రి, విశాఖ వెళ్ళేవాళ్ళకి చక్కగా పనికొస్తుంది. గొల్లపూడి దగ్గర తిరిగితే ఊరు తగలదు. అమరావతికీ మంచిదే. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్ళే లారీకి మాత్రం పడమటి వైపు చుట్టు తిరగడం వల్ల దూరం కాస్త పెరుగుతుంది. డ్రైవరు డీజిలు, టోలు, టైము మూడూ బేరీజు వేసుకుంటాడు. రాత్రి రెండింటికి బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ ఖాళీగా ఉంటే అటే పోతాడు. ఇక బందరు రోడ్డు వాళ్ళకి ఈ బైపాస్‌తో సంబంధమే లేదు. ఆ రోడ్డు చివర మచిలీపట్నంలో పోర్టు కడుతున్నారు. అక్కడి నుంచి కంటైనరు లారీలు కంకిపాడు మీదుగా వస్తే నేరుగా చేరేది బెంజ్ సర్కిల్‌కే. తూర్పు బైపాస్ అన్నారు, మానేశారు, మళ్ళీ అన్నారు. ఇప్పుడు దాని అవసరం కూడా తీరుస్తుందంటూ సుమారు 190 కిలోమీటర్ల అమరావతి ఔటర్ రింగ్ రోడ్డుని ముందు పెట్టారు. అది అయ్యేదాకా తూర్పు వైపు తలుపు లేనట్టే.

ఈ చర్చలో ఎవరూ పట్టించుకోని ఊరు ఒకటుంది, హనుమాన్ జంక్షన్. బైపాస్ లేని రోజుల్లో విజయవాడ అవసరానికి బైపాస్‌గా పనిచేసింది చిన్న ఊళ్ళే. దసరాకో, పెద్ద సభకో విజయవాడలో లారీల్ని ఆపాల్సి వచ్చినప్పుడల్లా పోలీసుల మళ్ళింపు ప్రకటన దాదాపు ఒకేలా ఉంటుంది. హైదరాబాద్ నుంచి విశాఖ వెళ్ళేవి ఇబ్రహీంపట్నం దగ్గర తిరిగి మైలవరం, నూజివీడు మీదుగా హనుమాన్ జంక్షన్ రావాలి. చెన్నై నుంచి విశాఖ వెళ్ళేవి ఒంగోలు దగ్గరే తీరానికి మళ్ళి చీరాల, బాపట్ల, రేపల్లె, అవనిగడ్డ, పామర్రు, గుడివాడ మీదుగా హనుమాన్ జంక్షన్ రావాలి. విజయవాడని కాపాడటానికి రెండు వైపులా తిప్పిన లారీలు కలుసుకునే చోటు ఈ చిన్న ఊరు. దారిలో మైలవరం బజారు, గుడివాడ సెంటరు కూడా తమ వంతు పన్ను కట్టుకుంటాయి.

హనుమాన్ జంక్షన్‌కి దాదాపు ఏడు కిలోమీటర్ల బైపాస్ వచ్చింది. హైవే బళ్ళు ఊరి బయటి నుంచే పోతున్నాయి. కానీ ఆ ఊరికి ఇంకో రోడ్డుంది. నూజివీడు నుంచి గుడివాడ వైపు ఊరిని అడ్డంగా కోసే దారి అది. నూజివీడు మామిడి, గుడివాడ వైపు ధాన్యం, చేపల లారీలు, కాలేజీ బస్సులు ఆ దారినే వెళ్తాయి. నిలువు రోడ్డుకి బైపాస్ వేస్తే అడ్డం రోడ్డు బరువు తగ్గదు, రెండూ కొట్టుకునే చోటు మాత్రం తేలికపడుతుంది. చిన్న ఊరికి అదీ తక్కువేం కాదు. స్కూలు పిల్లలు హైవే దాటడానికి చేతులెత్తి పరుగెత్తాల్సిన పని తప్పుతుంది. పాత సెంటరులో టిఫిన్ హోటలు, పళ్ళకొట్టు పెట్టుకున్నవాళ్ళకి దూరప్రయాణం బేరం పడిపోతుంది. బైపాస్ గీసేటప్పుడు వాళ్ళ సంగతి ఎవరూ మాట్లాడరు. రోడ్డుకి భూమి పోయినవాడికి పరిహారం ఉంది, రోడ్డు పోయినవాడికి లేదు.

భూమి సంగతికొస్తే, డెల్టాలో బైపాస్ వేయడం మెట్టలో వేసినంత తేలిక కాదు. అరవై మీటర్ల వెడల్పు రోడ్డుకి కిలోమీటరుకి ఇంచుమించు 15 ఎకరాలు పోతాయి. అదీ రెండు పంటలు పండే మాగాణి. భూమి పోయే నష్టం ఒకెత్తు, మిగిలిన భూమి రెండు ముక్కలవడం ఒకెత్తు. రెండెకరాల చేనుకి మధ్యలోంచి కట్ట పోతే అరెకరం అవతల పడుతుంది. నీళ్ళొచ్చే బోదె ఇటు, చేను అటు. దాటడానికి అండర్‌పాస్ ఇస్తారు, కానీ ఎంత ఎత్తులో ఇస్తారన్నదే రైతు అడగాల్సిన ప్రశ్న. మనుషులకీ పశువులకీ అని మూడు మీటర్ల ఎత్తుతో కట్టే దాంట్లో వరిగడ్డి వేసుకున్న ట్రాక్టరు పట్టదు. కోత యంత్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. అప్పుడు రైతు పెద్ద అండర్‌పాస్ దాకా రెండు మూడు కిలోమీటర్లు చుట్టు తిరగాలి, లేదా రోడ్డు మీద ఎదురు దిశలో తోలాలి. రాంగ్ రూటులో వచ్చే ట్రాక్టరుని తిట్టే ముందు ఆ పక్కన అండర్‌పాస్ ఎత్తు చూడటం మంచిది.

అంతకన్నా పెద్ద సంగతి నీళ్ళు. డెల్టా నేల పళ్ళెంలా చదును. సముద్రం వైపు వాలు కంటికి ఆనదు. ఆ కాస్త వాలు మీద ఆధారపడే కాలవల నీళ్ళు చేలకి వస్తాయి, చేల మురుగు డ్రెయిన్లలోకి పోతుంది. దానికి అడ్డంగా రెండు మూడు మీటర్ల ఎత్తున కట్ట పోస్తే, అది రోడ్డని మనకి తెలుసు కానీ నీటికి తెలియదు. దానికది ఆనకట్ట. కట్ట కింద తూములు, కల్వర్టులు ఎన్ని పెట్టారు, ఎంత వెడల్పున పెట్టారు, వాటి నోళ్ళు డ్రెయిను నోళ్ళకి ఎదురుగా ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టే పైన ఊరు మునగడం, మునగకపోవడం ఉంటుంది. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో విజయవాడ దీన్ని కళ్ళారా చూసింది. ఒక పక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులకి మించిన వరద, ఇంకో పక్క బుడమేరు వాగుకి గండ్లు. సింగ్‌నగర్, పాయకాపురం కాలనీలు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. ఆ మునకకి కారణం బుడమేరు గండ్లు, ఆక్రమణలతో చిక్కిపోయిన కాలువలు. ఏ బైపాసో ముంచిందని నేననడం లేదు. కానీ పడమటి బైపాస్ ఆ బుడమేరు పరివాహకాన్నే దాటుతోంది. కొల్లేరు సరస్సుకి పోవాల్సిన ఈ నీళ్ళ దారిలో ఇకపై వేసే ప్రతి రోడ్డుకీ కల్వర్టుల వెడల్పుని పాత వానల లెక్కతో కాక 2024 నీటి మట్టంతో సరిచూడాలి. కట్ట పోశాక తూము పెంచడమంటే రోడ్డు తవ్వడమే.

ఇక్కడి నల్లరేగడి తత్వం కూడా తెలిసిందే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకని కట్టకి గ్రావెల్ బయటి నుంచి తేవాలి, అంటే ఎక్కడో ఒక కొండ కరగాలి. థర్మల్ కేంద్రాల బూడిదని కూడా కట్టల్లోకి వాడతారు. కొండలకి అది నయమే, మట్టి కప్పే దాకా గాలికి ఎగిరే బూడిద పక్క ఊళ్ళకి నయం కాదు.

సరే, ఇంత కష్టపడి వేసిన బైపాస్ ఇరవై ఏళ్ళకి ఇంకో బెంజ్ సర్కిల్ కాకుండా ఆపవచ్చా? ఆపవచ్చు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్లు, ఎనిమిది వరుసలు. దాని మీదికి ఎక్కడ పడితే అక్కడ ఎక్కలేం, ఇంటర్‌చేంజ్ దగ్గరే ఎక్కాలి. స్థానికుల కోసం పక్కన సర్వీసు రోడ్లున్నాయి. దాని చుట్టూ నగరం విపరీతంగా పెరిగినా ప్రధాన రోడ్డు ఇంకా రోడ్డుగానే ఉంది. రోడ్డు పక్కన స్థలం ఉన్న ప్రతివాడికీ నేరుగా గేటు పెట్టుకునే వీలు ఇవ్వకపోవడమే అందులో రహస్యం. మనకి 2002 నాటి జాతీయ రహదారుల నియంత్రణ చట్టమూ ఉంది. అనుమతి లేకుండా హైవే మీదికి దారి తీయకూడదని అది చెబుతుంది. బైపాస్ తెరిచిన ఏడాదికే డివైడరు పగలగొట్టి పెట్రోలు బంకు ముందు, దాబా ముందు యూటర్నులు పుట్టుకొస్తాయంటే లోపం చట్టంలో లేదు. లండన్ చుట్టూ 1986లో పూర్తయిన ఎం25 రింగు రోడ్డు ఇంకో హెచ్చరిక. గేట్లు, యూటర్నులు లేకపోయినా అది కొద్ది ఏళ్ళకే కిక్కిరిసింది. రోడ్డు వెడల్పైతే జనం ఇళ్ళు దూరంగా కట్టుకుంటారు, ప్రయాణాలు పొడవవుతాయి. కాబట్టి బైపాస్ వేసి, ఊళ్ళో బస్సుల్ని మాత్రం తగ్గించుకుంటూ పోతే ఎన్ని వరుసలున్నా చాలవు. బెంజ్ సర్కిల్ కింద ఆగిన స్కూటర్లకి మందు సిటీ బస్సు. బైపాస్ కాదు.

చివరగా, మీ ఊరికి బైపాస్ వస్తోందని వింటే చేయాల్సిన పని. జాతీయ రహదారుల చట్టం 1956 ప్రకారం ముందు భూమి తీసుకునే ఉద్దేశం తెలిపే 3ఏ ప్రకటన గెజిట్‌లో వస్తుంది. సర్వే నంబర్లతో సహా దాని సారాంశాన్ని రెండు స్థానిక పత్రికల్లో వేయాలి, వాటిలో ఒకటి స్థానిక భాషలో ఉండాలి. గెజిట్‌లో వచ్చిన తేదీ నుంచి 21 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పుకోవచ్చు. ఆ తర్వాత 3డీ ప్రకటన వస్తే భూమి కేంద్ర ప్రభుత్వానిదైపోతుంది. అక్కడి నుంచి మిగిలేది పరిహారం తగువే. 2013 భూసేకరణ చట్టం లెక్కన మార్కెట్ విలువ కట్టి, దాని మీద నూరు శాతం అదనంగా కలుపుతారు. రిజిస్ట్రేషన్ విలువకీ బయటి ధరకీ తేడా ఉన్నచోట అదీ చాలకపోవచ్చు, అప్పుడు ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్ళాలి. వంద కిలోమీటర్ల లోపు విస్తరణల్లో భాగంగా వచ్చే చిన్న బైపాస్‌లకి పర్యావరణ బహిరంగ విచారణ సాధారణంగా ఉండదు. కాబట్టి ఊరి మాట వినిపించడానికి చట్టం తెరిచిన కిటికీ ఆ 21 రోజులే. అప్పటికి గీత మార్చడం కష్టం, తూములూ అండర్‌పాస్‌లూ మార్పించడం అంత కష్టం కాదు. అర్జీలో పరిహారంతోపాటు మూడు ప్రశ్నలు రాయండి: మా డ్రెయిను ఎక్కడ దాటుతుంది, తూము వెడల్పెంత, గడ్డి ట్రాక్టరు పట్టే అండర్‌పాస్ ఏ సర్వే నంబరు దగ్గర ఇస్తున్నారు. జవాబు కాగితం మీద ఇమ్మనండి.